నీళ్లు నిలవని కొలనుకు బిల్లు ఎలా పాసవుతోంది?

బెంగళూరులో నేనుండే పేటలో ఒక ప్రభుత్వ ఈత కొలను ఉంది. కొన్నేళ్ల కిందట దాన్ని బాగు చేయించారు. నీలిరంగు టైల్స్ వేశారు, గోడల మీద ఈతగాళ్ల బొమ్మలు గీయించారు, గేటు దగ్గర ఆర్చి కట్టారు. ప్రారంభోత్సవం కూడా జరిగింది. కొన్ని నెలలకే మళ్లీ తాళం పడింది. లీకేజీ ఉందని, కొత్త ఎస్టిమేట్ పంపామని అక్కడి సిబ్బంది చెబుతారు. అంటే ఒకసారి బాగు చేసినదాన్నే బాగు చేయడానికి ఇంకోసారి జనం డబ్బు ఖర్చు పెట్టాలన్నమాట. ఊళ్లో ఇతర పేటల్లో ఉండే స్నేహితులను అడిగితే వాళ్ల దగ్గరా ఇలాంటి కథ ఒకటి వినిపిస్తుంది.

అవినీతి అనే ఒక్క మాటతో దీన్ని తేల్చేయవచ్చు. కమీషన్ల సంగతి నేను కాదనను. 2021లో కర్ణాటక కాంట్రాక్టర్ల సంఘమే ప్రధానికి లేఖ రాసి, పనుల్లో 40 శాతం దాకా కమీషన్ అడుగుతున్నారని ఆరోపించింది. అయితే కమీషన్ ఒక్క పైసా లేకపోయినా ఇప్పుడున్న పద్ధతిలో ఈ కొలనులు పాడవుతాయనే నేను అంటాను. మనం టైల్స్‌కు డబ్బు కడుతున్నాం. నీళ్లు నిలవడానికి, అవి శుభ్రంగా ఉండడానికి, గేటు తెరిచి ఉండడానికి కట్టడం లేదు.

పని ఎలా నడుస్తుందో చూడండి. ఇంజినీరు ఎస్టిమేట్ వేస్తారు. ఎస్ఆర్ రేట్ల (ప్రభుత్వం ఖరారు చేసిన ధరల పట్టిక) ప్రకారం చదరపు మీటరు టైల్‌కు ఇంత, క్యూబిక్ మీటరు కాంక్రీటుకు ఇంత అని లెక్క కడతారు. టెండరు పిలుస్తారు. పని అయ్యాక టేపు పెట్టి కొలిచి ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో రాస్తారు. ఆ కొలతల మీదే బిల్లు పాసవుతుంది. ప్రహరీ గోడకో ఫుట్‌పాత్‌కో ఈ పద్ధతి కొంతవరకు సరిపోతుంది. గోడ ఉందా లేదా అనేది వెళ్లి చూస్తే తెలుస్తుంది. కొలను అలా కాదు, అందులో ముఖ్యమైనదేదీ టేపుకు దొరకదు.

కొలనులో నీళ్లు ఎప్పుడూ తిరుగుతూ ఉండాలి. అంచు మీదుగా పొర్లిన నీళ్లు గట్టర్‌లో పడి, పొర్లిన నీళ్లను పట్టి ఉంచే బ్యాలెన్సింగ్ ట్యాంకుకు చేరాలి. అక్కడి నుంచి పంపు వాటిని ఇసుక ఫిల్టర్‌లోకి తోయాలి. తర్వాత క్లోరిన్ కలిసి మళ్లీ కొలనులోకి రావాలి. మొత్తం నీళ్లు సుమారు నాలుగు నుంచి ఆరు గంటలకోసారి ఫిల్టర్ దాటాలి. లీటరు నీటిలో 1 నుంచి 3 మిల్లీగ్రాముల క్లోరిన్ నిలవాలి, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. పంపు చిన్నదైనా, ఫిల్టర్‌లో ఇసుక ఏళ్ల తరబడి మార్చకపోయినా పాచి పట్టడానికి ఎన్నో రోజులు అక్కర్లేదు. ఎంత ఖరీదైన టైల్ వేసినా ఆకుపచ్చ నీళ్లలోకి ఎవరు దిగుతారు?

లీకేజీ సంగతి ఇంకా ముఖ్యం. పాత కొలనుల్లో పైపులు నేల కింద పోతాయి. వాటిని మార్చాలంటే కాంక్రీటు తవ్వాలి, సమయం పడుతుంది, పైకి కనిపించేది ఏమీ ఉండదు. అందుకని పాత పైపులు, పాత జాయింట్లు అలాగే ఉంచి పైన కొత్త టైల్స్ అంటించేయడం సులువు. కాంక్రీటు ట్యాంకులకు మన దేశంలో ఐఎస్ 3370 అనే ప్రమాణం ఉంది. ట్యాంకు నింపి, కాంక్రీటు నీళ్లు పీల్చుకునే దాకా ఆగి, ఆ తర్వాత ఏడు రోజుల పాటు నీటి మట్టం ఎంత తగ్గిందో చూడాలని అది చెబుతుంది. ఈ పరీక్ష టైల్స్ వేయకముందే చేయాలి. అప్పుడైతే పగులు ఎక్కడుందో కనిపిస్తుంది, తక్కువ ఖర్చుతో పూడ్చవచ్చు. టైల్స్ వేశాక లీకేజీ బయటపడితే, ఎక్కడ కారుతోందో వెతకడానికే ఆ టైల్స్ పగలగొట్టాలి. రెండో ఎస్టిమేట్ అక్కడే పుడుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కొలనును ఖాళీ చేసి వదిలేస్తే భద్రంగా ఉంటుందనుకుంటారు. నిజానికి వానాకాలంలో భూగర్భ జలం పైకి వచ్చినప్పుడు ఖాళీ కొలను అడుగు మీద కింది నుంచి ఒత్తిడి పడుతుంది. లోపల నీటి బరువు లేకపోతే ఫ్లోర్ పైకి ఉబ్బుతుంది, పగులుతుంది. చెరువుల పక్కన ఉన్న కొలనులకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఎండకు జాయింట్లలో నింపిన సీలెంట్ కూడా ఎండి రాలిపోతుంది. బిల్లు గొడవ తేలేదాకా ఏడాదిపాటు తాళం వేసి ఉంచితే, ఆ ఏడాదే కొలనును ఇంకా పాడు చేస్తుంది.

డబ్బు లెక్క వేద్దాం. 25 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, సగటున మీటరున్నర లోతు ఉన్న చిన్న కొలను తీసుకోండి. అందులో 4.5 లక్షల లీటర్లు పడతాయి. నీటి మట్టం ఒక సెంటీమీటరు తగ్గితే 3,000 లీటర్లు పోయినట్టు. మామూలుగా ఆవిరయ్యేది రోజుకు అర సెంటీమీటరు చుట్టూ ఉంటుంది. లీకేజీ వల్ల రోజుకు నాలుగు సెంటీమీటర్లు తగ్గుతోందనుకుంటే 12,000 లీటర్లు, అంటే సరిగ్గా ఒక పెద్ద ట్యాంకర్. 2024 వేసవిలో జిల్లా యంత్రాంగం ట్యాంకర్ల ధరలు ఖరారు చేసినప్పుడు 5 కిలోమీటర్ల లోపు 12,000 లీటర్లకు 1,000 రూపాయలు అని పెట్టింది. ఆ ధరకు దొరికినా నెలకు 30,000 రూపాయలు నేల కిందకు పోతాయి. ఏ అధికారీ చాలాకాలం ఈ ఖర్చు పెట్టలేడు. అందుకే తాళం పడుతుంది. మొదట ఏడు రోజుల పరీక్ష చేసి ఉంటే ఈ దశే వచ్చేది కాదు.

2024 మార్చిని బెంగళూరులో ఉన్నవాళ్లెవరూ మరిచిపోరు. బోర్లు ఎండిపోయి, పీజీల్లో స్నానానికి బకెట్ల లెక్క పెట్టిన రోజులవి. మరతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మనవాళ్లలో చాలామంది కొన్నాళ్లు ఊరెళ్లి అక్కడి నుంచే పని చేసుకున్నారు. అప్పుడే బెంగళూరు జల మండలి స్విమ్మింగ్ పూల్స్‌లో తాగునీరు వాడకూడదని నిషేధం పెట్టింది, ఉల్లంఘిస్తే 5,000 రూపాయల జరిమానా అంది. ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. కావేరి నీళ్లు దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోసి తెచ్చుకునే ఊరు ఇది. అయితే అప్పటి నుంచి ఒక వాదన బలపడింది: తాగడానికే లేనప్పుడు కార్పొరేషన్‌కు కొలనులెందుకు, మూసేస్తే పోలేదా అని. ఇది సరికాదు. సరిగ్గా నడిచే కొలను అవే నీళ్లను శుద్ధి చేసుకుంటూ నెలల తరబడి వాడుతుంది. ఆవిరయ్యేది, ఫిల్టర్ కడగడానికి పోయేది మాత్రమే మళ్లీ నింపాలి. నీళ్లను దండగ చేసేది చెడగొట్టిన కొలను. చెడగొట్టిన వాళ్లను వదిలేసి కొలనునే శిక్షించడం ఎలా న్యాయమవుతుంది?

మూసేస్తే నష్టం ఎవరికి? సర్జాపూర్ రోడ్డు అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు కాదు. వాళ్లకు కింద సొంత పూల్ ఉంటుంది, మెయింటెనెన్స్ కట్టుకుంటారు. అదే రోడ్డు మీద భవనాలు కట్టడానికి అనంతపురం నుంచి, కర్నూలు నుంచి వచ్చిన మేస్త్రీల పిల్లలకు ఏముంది? వాళ్ల తాతలకు ఊళ్లో దిగుడు బావి ఉండేది. నడుముకు సొరబుర్రలు కట్టి దింపితే పది రోజుల్లో ఈత వచ్చేది. ఆ బావులు చాలావరకు ఎండిపోయాయి, కొన్ని పూడ్చేశారు. ఇక్కడికొచ్చిన పిల్లలకు కనిపించే నీళ్లు చెరువులు, పాత క్వారీ గుంతలు. జాతీయ నేర రికార్డుల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల ప్రకారం 2021లోనూ 2022లోనూ దేశంలో ఏటా 35,000 మందికి పైగా నీళ్లలో మునిగి చనిపోయారు. ఈత నేర్చుకోవడం సరదా కోసమే అనుకునేవాళ్లు ఆ అంకె ఒకసారి చూడాలి. తక్కువ రుసుముతో, లైఫ్‌గార్డ్ కాపలాతో, ఆడపిల్లలకు సరైన గదులతో నడిచే ప్రభుత్వ కొలను ఆ పిల్లలకు దొరికే ఏకైక సురక్షితమైన చోటు. దానికి తాళం పడడం చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

ఈ ఊరికి కొలనులు నడపడం చేతకాదని కూడా ఎవరూ అనలేరు. టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో ఈదిన శ్రీహరి నటరాజ్ బెంగళూరు కుర్రాడు. పారిస్‌కు వెళ్లిన భారత జట్టులో అందరికన్నా చిన్నది, 14 ఏళ్ల ధినిధి దేసింగు కూడా ఇక్కడి అమ్మాయే. బసవనగుడి అక్వాటిక్ సెంటర్ పేరు ఈత తెలిసినవాళ్లందరికీ తెలుసు. సదాశివనగర్‌లో మైసూరు రాష్ట్ర మొదటి ముఖ్యమంత్రి కె.సి.రెడ్డి పేరు మీద కొలను ఉంది. కోలారు జిల్లా నుంచి వచ్చిన నాయకుడాయన. అటువైపు నుంచి వచ్చే తెలుగువాళ్లు ఆ బోర్డు చూసి ఒక్క క్షణం ఆగుతారు. నీళ్లు, ఫిల్టర్, కోచ్ అన్నీ తెలిసినవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు. వార్డు కొలను ఎస్టిమేట్ వేసేటప్పుడు వాళ్లలో ఒకరిని కూర్చోబెట్టడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు.

ఇలాంటి దుబారా మన దగ్గరే ఉందనుకోనక్కర్లేదు. ఆస్ట్రేలియాలో సిడ్నీ హార్బర్ వంతెన పక్కన నార్త్ సిడ్నీ ఒలింపిక్ పూల్ ఉంది. 1936లో తెరిచారు. 86 ప్రపంచ రికార్డులు నమోదైన కొలను అని చెప్పుకుంటారు. 2021లో బాగు చేయడానికి మూశారు. దాదాపు 6.4 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లతో అయిపోతుందనుకున్న పని 12.2 కోట్లకు పాకింది. 2025 మధ్యకు కూడా తెరుచుకోలేదు. అప్పుల్లో పడిన అక్కడి స్థానిక కౌన్సిల్ ఇళ్ల పన్నును రెండేళ్లలో 87 శాతం పెంచడానికి అనుమతి అడిగింది. జనం మండిపడ్డారు. 2025 మేలో ధరల నియంత్రణ సంస్థ ఆ కోరికను తోసిపుచ్చింది. అక్కడా డబ్బు పోయింది, మనకన్నా ఎక్కువే పోయింది. అయితే ఆ నష్టం అంకెల రూపంలో ప్రతి ఇంటి గుమ్మం దాకా వచ్చింది. ఎవరిని అడగాలో జనానికి తెలిసింది. వాళ్లు అడిగారు కూడా.

మన దగ్గర ఆ అంకె ఎవరి గుమ్మానికీ రాదు. ఇక్కడి మహానగర పాలికె సభ్యుల పదవీకాలం 2020 సెప్టెంబరులో ముగిసింది. ఆ తర్వాత ఐదేళ్లకు పైగా ఏ వార్డుకూ ఎన్నికైన కార్పొరేటర్ లేడు. 2025లో గ్రేటర్ బెంగళూరు అథారిటీ వచ్చింది, ఊరు ఐదు కార్పొరేషన్లయింది. ఫైళ్లు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు మారాయి. ఇలాంటి సమయంలోనే పాత కాంట్రాక్టుల లోపాల బాధ్యత గడువు, డీఎల్‌పీ అంటారే, అది ఎవరూ చూడకుండా దాటిపోతుంది. ఆ గడువులో లోపం బయటపడితే కాంట్రాక్టరే తన ఖర్చుతో సరిచేయాలి. గడువు దాటాక అదే లీకేజీకి కొత్త టెండరు పిలవాలి. కాబట్టి ఆ తేదీ ఆఫీసు ఫైల్లో ఉంటే చాలదు, కొలను గేటు మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉండాలి.

అన్నిటికన్నా ముందు మారాల్సింది చెల్లింపు పద్ధతి. ఏడు రోజుల నీటి పరీక్ష పాసయ్యే దాకా ఒక్క టైల్ బిల్లు కూడా పాస్ కాకూడదు. చివరి బిల్లులో పెద్ద వాటాను ఒక వేసవి మొత్తం కొలను తెరిచి నడిచాకే ఇవ్వాలి. కట్టినవాళ్లే మూడు నాలుగేళ్లు నడపాలని అదే కాంట్రాక్టులో రాస్తే, నేల కింది పైపు గురించి వాళ్లే టెన్షన్ పడతారు. చిన్న కాంట్రాక్టర్లు దీనికి ముందుకు రారని ఇంజినీర్లు అంటారు. నిజమే, కొందరు రారు. అయితే నీళ్లు నిలబెట్టలేని వాళ్లు కొలను పనికి రాకపోతేనే మంచిది.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం. ఇక్కడున్న తెలుగువాళ్లలో చాలామందికి ఓటు సొంతూళ్లోనే ఉంటుంది. అందుకే కార్పొరేషన్‌ను అడిగే హక్కు తమకు లేదనుకుంటారు. 2005 నాటి ఆ చట్టానికి స్థానిక ఓటుతో పని లేదు, భారత పౌరులైతే చాలు. రుసుము 10 రూపాయలు. కన్నడలో గానీ ఇంగ్లీషులో గానీ రాయవచ్చు. కర్ణాటక నిబంధనల ప్రకారం దరఖాస్తు 150 పదాలు దాటకూడదు, ఒకే విషయం గురించి ఉండాలి. మీ కొలను పేరు రాసి ఇవి అడగండి: పని టెండరు పిలిచి ఇచ్చారా, కర్ణాటక టెండర్ల చట్టంలోని, టెండరు అక్కర్లేని 4(జి) మినహాయింపు కింద ఇచ్చారా? నీటి పరీక్ష ఏ తేదీల్లో చేశారు, రోజువారీ మట్టం నమోదు చేసిన కాగితం నకలు ఎక్కడ? డీఎల్‌పీ ఎప్పుడు ముగుస్తుంది? ఆ గడువులో కాంట్రాక్టరుకు ఎన్ని నోటీసులు పంపారు? జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే అదే కార్పొరేషన్‌లో మొదటి అప్పీలు వేయవచ్చు. డిసెంబరులోనో జనవరిలోనో ఈ దరఖాస్తు పెడితే, పిల్లలకు వేసవి సెలవులు మొదలయ్యేలోగా అప్పీలు కూడా పూర్తి చేసుకునే వీలుంటుంది.