బోర్లా పడితే బొబ్బట్లు సరే, మరి ఉంగా అంటే?

పిల్లల ఎదుగుదల లెక్క పెట్టుకోవడం మనవాళ్ళకి డాక్టర్ల చార్టులు రాకముందే తెలుసు. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు, పలుకులకి పంచదార చిలకలు. ఇంటికో రకంగా ఊరికో రకంగా ఉంటుంది ఈ లిస్టు, ఎక్కడైనా చేసి వీధిలో పంచాల్సిందే, అంటే ఈ ఇంట్లో పసివాడు ఫలానా పని చేశాడహో అని పది గుమ్మాలకీ తెలిసిపోవాలి. అంతా బాగుంది గానీ మాకు ఒక్క లోటు కనిపిస్తోంది. రెండో నెలలో పిల్ల ఉంగా అన్నప్పుడు మేము విన్న లిస్టులో ఏ స్వీటూ లేదు. అసలు చదువు మొదలయ్యేదేమో అక్కడ.

ఉంగా అన్నాక పిల్ల ఒక్క క్షణం ఆగుతుంది, గమనించారా? మన మొహం వంక చూస్తూ ఆగుతుంది. మనం కూడా ఉంగా అంటే కాళ్ళూ చేతులూ ఆడిస్తూ మళ్ళీ అంటుంది, మనం ఫోన్లో మునిగిపోయి ఉంటే రెండు మూడు సార్లు ట్రై చేసి మొహం తిప్పేసుకుంటుంది. నీ వంతు అయ్యాక నా వంతు అన్న సంగతి మాటలు రాకముందే ఆ పిల్లకి తెలుస్తోందన్న మాట. పుట్టిన కొత్తలో పిల్లలకి బాగా కనపడేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరమే, ఒళ్ళో పడుకుని పాలు తాగేటప్పుడు అమ్మ మొహం సరిగ్గా అంత దూరంలోనే ఉంటుంది.

ఈ మధ్య ఎర్లీ లెర్నింగ్ అనగానే ఏదో కొనుక్కొచ్చే సరుకు అయిపోయింది. ఆరు నెలల పిల్లకి ఫ్లాష్ కార్డులు, ఏడాదికి రైమ్స్ పాడే బ్యాటరీ బొమ్మ, ఏడాదిన్నర నిండకుండానే ప్లేస్కూల్‌కి అడ్వాన్స్. తల్లిదండ్రులని తప్పు పట్టడం లేదు మేము, పక్క ఫ్లాట్ పిల్ల ఏ ఫర్ ఆపిల్ అంటుంటే మన పిల్ల వెనకపడిపోతుందేమో అన్న భయం ఎవరికైనా ఉంటుంది, ఆ భయం మీదే కదా వ్యాపారం అంతా. కానీ జామకాయ ఒకటి చేతిలో పెట్టి చూడండి, దాన్ని నాకి, కింద పడేసి, అది దొర్లితే వెనకాలే పాకి, మళ్ళీ పట్టుకుని కొరకబోయే పిల్లకి బరువు, నునుపు, వాసన, గుండ్రంగా ఉన్నది దొర్లుతుందన్న సంగతి అన్నీ ఒక్క పూటలో అందుతాయి, కార్డు మీద బొమ్మకి ఇవేవీ ఉండవు.

1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఇంగ్లీష్ మాట్లాడే ఇళ్ళలోని పసిపిల్లలకి హిందీ శబ్దాలు వినిపించి చూశారు, మన ట కీ త కీ ఉన్న తేడా. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు చాలామంది పసిగట్టేశారు. ఏడాది దగ్గర పడిన పిల్లల్లో ఆ శక్తి దాదాపు పోయింది, రోజూ చెవిన పడని తేడాని బుర్ర పక్కన పెట్టేసింది. తాతయ్యని టాటయ్య అనే అమెరికా మనవల మీద జోకులేసే ముందు ఇది గుర్తుంచుకోవాలి. సరే, రోజూ తెలుగు వీడియోలు పెడితే సరిపోతుందా? అదీ చూశారు. 2003లో సియాటిల్‌లో పాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకి చైనీస్ వినిపించింది, మనిషి ఎదురుగా కూర్చుని బొమ్మలు చూపిస్తూ మాట్లాడిన 12 సిట్టింగులతో పిల్లలు ఆ శబ్దాలు పట్టేశారు, అవే మాటలు టీవీలో చూపిస్తే ఏమీ ఎక్కలేదు. టీవీ మాట్లాడుతుంది గానీ పిల్ల ఉంగా అంటే ఆగదు కదా. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016లో ఏడాదిన్నర లోపు స్క్రీన్ వద్దంటూనే వీడియో కాల్‌కి మాత్రం మినహాయింపు ఇచ్చింది, అక్కడ అమ్మమ్మ బదులు పలుకుతుంది. డబ్ల్యూహెచ్‌ఓ 2019లో చెప్పింది కూడా ఇదే దారిలో ఉంది, రెండేళ్ళ లోపు టీవీ, ఫోన్ వద్దు, ఆ తర్వాత ఐదేళ్ళ లోపు కూడా రోజుకి గంట మించొద్దు. మన ఇళ్ళలో ఫోన్ లేకపోతే ముద్ద దిగని పిల్లలు ఎంతమందో మాకు తెలుసు, ఒక్క రోజులో మాన్పించమని చెప్పే ధైర్యం మాకూ లేదు, రోజుకి ఒక్క పూట చందమామనో కాకినో చూపిస్తూ తినిపించి చూడండి, అంతే.

మరి ఇంట్లో ఏం చెయ్యాలి అంటే, కొత్తగా పెద్దగా ఏమీ లేదు. పాత ఇళ్ళలో స్నానం గుర్తు చేసుకోండి. నాయనమ్మ పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, పిల్లని కాళ్ళ మీద వేసుకుని సున్నిపిండి రుద్దుతూ ఇదిగో చెయ్యి, ఇదిగో ఇంకో చెయ్యి, బొజ్జేది బంగారం, ఇప్పుడు వీపు, అయిపోయింది అయిపోయింది అంటూ నోరు ఆపకుండా పోసేది. ఒంటికి తగిలే చెయ్యి, చెవికి తగిలే మాట రెండూ ఒకేసారి, అదీ రోజూ అదే వరసలో. దీన్ని మించిన క్లాసు ఏముంది. ముక్కులో చెవుల్లో నూనె పొయ్యడం, నోట్లో వేలు పెట్టి గొంతు శుభ్రం చెయ్యడం మాత్రం మానెయ్యాలి, ఈ ఒక్క విషయంలో నాయనమ్మ మాట కన్నా డాక్టర్ మాట వినండి.

వంటింట్లో కూడా అంతే, తొమ్మిది నెలల పిల్లని స్టవ్‌కి దూరంగా కింద కూర్చోబెట్టి ఒక స్టీలు గిన్నె, ఒక గరిటె ఇస్తే అరగంట గడిచిపోతుంది. గరిటె కింద పడేస్తుంది, మనం తీసిస్తాం, మళ్ళీ పడేస్తుంది, మళ్ళీ మన మొహం చూస్తుంది. అల్లరి అనుకుని గరిటె లాక్కోవద్దు, నేను వదిలితే పడుతుందా, పడితే చప్పుడొస్తుందా, అమ్మ మళ్ళీ ఇస్తుందా అని మూడు పరీక్షలు ఒకేసారి పెట్టుకుంటోంది అది. బొమ్మ కొనే తీరాలి అనుకుంటే ఏటికొప్పాక గిలక్కాయ కొనండి, అంకుడు కర్రతో చేసి లక్క రంగు వేసినది, చిన్న ముక్కలు ఊడి రాకుండా గట్టిగా ఉందో లేదో చూసుకుని. వాకర్ కొనొద్దు. దాంట్లో వేస్తే నడక తొందరగా వస్తుందన్నది ఉత్త అపోహ, పైగా మెట్ల మీంచి పడి దెబ్బలు తగులుతున్నాయని కెనడా 2004లో అమ్మకాలే నిషేధించింది. పల్లీలు, శనగలు, బటన్ బ్యాటరీలు అందనంత దూరంలో ఉండాలి.

ఇంకో మాట. మగపిల్లలకి మాట లేటు, వాళ్ళ నాన్నకి కూడా మూడేళ్ళకే వచ్చింది అనే సర్దుబాటు మన ఇళ్ళలో ఎక్కువ. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకి ఒక్క మాటా రాకపోయినా ముందు చెవులు చూపించాలి. 2013 నుంచి ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద ప్రభుత్వమే ఉచితంగా చూస్తోంది, ఏఎన్ఎంనో ఆశానో అడిగితే దారి చెప్తారు.

ఇదంతా అమ్మ చెయ్యాలి అని రాసేసి చేతులు దులుపుకోవడం మాకు ఇష్టం లేదు. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు, బాగుంది, కానీ అది కొలువులున్న కొద్దిమందికే, పత్తి చేలోకో బిల్డింగ్ పనికో పోయే తల్లికి ఆ లెక్క లేదు. నాన్న సాయంత్రం వచ్చి కాసేపు ఎత్తుకుని ఏడవగానే ఇదిగో నీ కూతురు అని ఇచ్చెయ్యడం కాకుండా, ఏదో ఒక పని, స్నానమో పడుకోబెట్టడమో, పూర్తిగా తన పేరు మీద రాసుకోవాలి.

ఇక ప్రభుత్వాల సంగతి. 1986-87లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో సాలీ గ్రంథమ్ మెక్‌గ్రెగర్ బృందం పేదిళ్ళలో ఎదుగుదల తగ్గిన 129 మంది పసిపిల్లలని తీసుకుంది. కొందరికి పోషకాహారం ఇచ్చారు, కొందరి ఇళ్ళకి హెల్త్ వర్కర్లు వారానికో గంట చొప్పున రెండేళ్ళు వెళ్ళి ఇంట్లోనే చేసుకున్న బొమ్మలతో ఎలా ఆడించాలో, ఎలా మాట్లాడించాలో తల్లులకి చూపించారు, కొందరికి రెండూ. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే ఆట నేర్పిన ఇళ్ళ పిల్లల సంపాదన 25 శాతం ఎక్కువ, ఒట్టి పోషకాహారంతో ఆ తేడా నిలవలేదు. తిండి వద్దని ఎవరూ అనరు, తిండితో ఆగిపోయాం అనే మా బాధ. మన రెండు రాష్ట్రాల్లో కలిపి 90 వేలకి పైగా అంగన్వాడీలున్నాయి, మూడేళ్ళ లోపు పిల్లకి అక్కడ దొరికేది బాలామృతం పాకెట్. చదువూ ఆటా మూడేళ్ళు నిండాకే. కేంద్రం 2024లో నవచేతన పేరుతో మూడేళ్ళ లోపు పిల్లల కోసం నెల నెలా ఏం ఆడించాలో 140 ఆటలతో క్యాలెండర్ తెచ్చింది, పాకెట్ తీసుకుని వెళ్తున్న ఎంతమంది తల్లులు దాని పేరు విన్నారో అడిగి చూడండి.

మేము అడిగేది పెద్ద బడ్జెట్ ఏమీ కాదు. పాకెట్ ఇచ్చే రోజు తల్లులు ఎలాగూ వస్తారు, అప్పుడే పది నిమిషాలు కూర్చోబెట్టి ఒక గిన్నె, ఒక గరిటె, ఒక పాత చీర ముక్క పెట్టి ఈ నెల ఆట ఇదీ అని టీచర్ చేసి చూపించాలి. ఆ పది నిమిషాల కోసం టీచర్ నెత్తిన ఉన్న రిజిస్టర్లలో ఒకటో రెండో తీసెయ్యాలి. ఇప్పుడు పాకెట్ చేతికి రావాలంటే అంగన్వాడీ లెక్కలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో తల్లి మొహం సరిపోలాలి, నెట్ రాక టీచర్లు ఆ ఫొటో కోసమే మళ్ళీ మళ్ళీ ఫోన్ ఎత్తి పట్టుకుంటున్నారు, చంకలో పిల్ల మాత్రం ఉంగా అంటూ ఉంది.