నదికి వైద్యం, మనకి ఉప్మా

వంశధార నది ఆరోగ్యం బాగుచేయడానికి ప్రజల సలహా కావాలని ఒడిశాలోని మా గుణుపురంలో కబురు పెట్టారు. టిఫిన్ కూడా ఉందన్నారు. నది మీద నాకున్న ప్రేమ అప్పటికప్పుడు పొంగింది.

సభ నదికి దూరంగా, ఏసీ హాల్లో పెట్టారు. సబబే. రోగి ముందు రోగం సంగతి మాట్లాడకూడదు.

వాటర్‌షెడ్ పని, అంటే వాననీటిని పడ్డచోటే పట్టి నిలిపే పని, కొండ నెత్తిన మొదలుపెట్టి కిందికి దిగాలట. పైన కందకాలు తవ్వి రాతికట్టలు వేస్తే వాననీటి పరుగు తగ్గి భూమిలోకి ఇంకుతుంది, మట్టీ కొండ మీదే ఉంటుంది. చెక్‌డ్యాం ఆ తర్వాతి మాట. మావాళ్లు ఈ సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. కాకపోతే జీపు ఎంతవరకు ఎక్కితే అదే కొండ నెత్తి అనుకున్నారు. అందుకే మొదటి చెక్‌డ్యాం రోడ్డు పక్కనే లేచింది. అందులోకి నీళ్లు రావడం రెండో దశలో ఉంది.

వాటర్‌షెడ్ కమిటీలో సగం మంది స్వయం సహాయక సంఘాల వాళ్లు, ఎస్సీ, ఎస్టీలు, ఆడవాళ్లు, భూమి లేనివాళ్లు ఉండాలని 2008 నిబంధనలు చెప్పాయి. మా కాంట్రాక్టరు శ్రమ తగ్గించాడు. వాళ్లావిడ, చెల్లెలు, పిన్నమ్మలనే కమిటీలో వేశాడు. ఎవరి పేరునా సెంటు భూమి లేదు. అంతా అతని పేరునే ఉంది మరి.

మట్టి కొట్టుకుపోవడానికి కొండల్లోని సవర గిరిజనుల పోడే కారణమని తెర మీద తేల్చారు. రాత్రిళ్లు నదిలోకి దిగే ఇసుక లారీల బొమ్మ మాత్రం లేదు. చీకట్లో ఫొటోలు సరిగా రావు, పాపం. వంశధారలో 115 టీఎంసీలు ఒడిశాకీ ఆంధ్రాకీ చెరిసగమని నదీ జలాల ట్రైబ్యునల్ 2017లో తేల్చింది కానీ, ఇసుకలో ఎవరి వాటా ఎంతో చెప్పలేదు. ఆ పంపకం లారీల వాళ్లే చూసుకుంటున్నారు.

ప్రజల్ని మరీ నిజంగా అడిగితే ఏమవుతుందో ఒకసారి చూశాం. వంశధారకు నీళ్లిచ్చే నియమగిరి మీద బాక్సైట్ తవ్వకం సంగతి పల్లిసభలే, అంటే ఊళ్లోవాళ్లంతా కూర్చునే సభలే చెప్పాలని 2013లో సుప్రీంకోర్టు అంది. 12 ఊళ్లలో సభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. అలాంటి పొరపాటు మళ్లీ జరగకుండా ఇప్పుడు ప్రశ్న లేకుండానే సంతకం తీసుకునే పద్ధతి వచ్చింది.

మా సభలోనూ ఒక సవర ముసలాయన లేచాడు. తన భాషలో చాలాసేపు, చేతులు ఊపుతూ మాట్లాడాడు. పక్కనున్న కుర్రాడు దాన్ని ఒడియాలోకి మార్చాడు: "మంచిదే అంటున్నాడు." చప్పట్లు కొట్టాం.

బయట టీ దగ్గర అడిగాను, "ఏటన్నావు తాతా?" అని. ఆయన గెడ్డ, అంటే కొండవాగు, సంగతి సంత తెలుగులో చెప్పాడు. "గెడ్డ పుట్టినకాడ రాయి పగలగొడతన్నారు బాబూ. అది ఆపండి, గెడ్డ అదే బతుకుద్ది అన్నాను."

నాలుగు కోట్ల ప్రణాళికకు ఇంత చవక సలహా పనికిరాదని నాకూ అనిపించింది.

తర్వాతి సభ ఆగస్టులో. అప్పటికి గెడ్డలు పొంగి కొండ ఊళ్ల వాళ్లు దిగలేరు. అందుకని ఆ సభ హాజరు పట్టీలో కూడా వాళ్ల వేలిముద్రలు ఇప్పుడే వేయించేసుకున్నారు.