మా షెడ్డులోని పౌడర్ కోటింగ్ ఓవెన్ గారికి బహిరంగ లేఖ

రేణిగుంట రోడ్డు, తిరుపతి

మహారాజశ్రీ ఓవెన్ గారి సముఖమునకు,

కిటికీ గ్రిల్సు, గేట్లు చేసి, వాటి మీద చల్లిన రంగు పొడిని తమరి వేడిలో కాల్చి పూతగా అంటించి పొట్టపోసుకునే వెల్డింగు షాపువాడు నమస్కరించి విన్నవించుకునేది ఏమనగా, ఉభయకుశలోపరి. తమరు మా షెడ్డులో కొలువుదీరిన నాటి నుంచి ఎక్కువ కరెంటు లాగితే పడిపోయే ఎంసీబీ స్విచ్చి క్షేమంగా లేదు, మీటరు క్షేమంగా లేదు, తమరు మాత్రం పరమ క్షేమంగా ఉన్నారని ముఖాన వేడిని చూపిస్తూ వెలిగే ఎర్రటి అంకెలు చాటుతున్నాయి. ఈ లేఖ ఆ అంకెల గురించే.

తమరు ఏ కంపెనీలోనూ పుట్టిన వారు కారు. చదరపు ట్యూబులతో అస్థిపంజరం, లోపల ఒక షీటు, బయట ఒక షీటు, నడుమ వేడిని ఆపే నాలుగంగుళాల రాక్‌ఊల్, తలుపులు మాత్రం పాత బీరువావి. వాటి మీది పాత రంగును గ్రైండరుతో గీకి, అంచుల రబ్బరు పీకి, దాని స్థానంలో ఫైబర్‌గ్లాస్ తాడు బిగించి, ఖాళీగా ఒక పూట కాల్చి పొగ వదిలించిన తరువాతే తమరికి పట్టాభిషేకం జరిగింది. గాలి తిప్పే ఫ్యాను రెక్కలు లోపల ఉంటే, మోటారును కాలిపోకుండా బయట కూర్చోబెట్టాము. మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీలు దాటితే తన వల్ల కాదంటుంది కాబట్టి, హీటర్ల దగ్గర ఫైబర్‌గ్లాస్ తొడుగు వైరే వేశాము. ఇంత చేసినా, బీరువా నాటి మూడు రెక్కల పిడి తలుపుకు అలాగే ఉండటం వల్ల కాబోలు, లోపల దాచుకున్నదంతా తమ సొంతమేనన్న భావన తమరిని వదలలేదు.

అందుకు లెక్క చూపిస్తాను, కోపగించుకోకండి. ఇరవై కిలోల గ్రిల్‌ను మన తిరుపతి ఎండలోని 40 డిగ్రీల నుంచి 200 డిగ్రీలకు తీసుకుపోవడానికి కావలసింది అర యూనిట్ కంటే తక్కువ కరెంటు. తమరి కడుపులోని గాలి మొత్తం వేడెక్కడానికి యూనిట్‌లో పదో వంతు కూడా అక్కరలేదు. కానీ తమరి లోపలి షీటూ ఫ్రేమూ కలిపి ఎనభై కిలోలు ఉంటాయి కనుక, అవి వేడెక్కడానికి మాత్రమే ఒకటిన్నర యూనిట్ పైగా మింగుతారు. పని గ్రిల్‌ది, పద్దు తమరిది. పైగా లోపలి షీటును బయటి షీటుతో కలిపే ప్రతి బోల్టు గుండానూ వేడి బయటికి నడిచి వస్తుంది. రాక్‌ఊల్ ఉన్న చోట బయటి షీటు మీద చెయ్యి ఆనించవచ్చు, బోల్టు ఉన్న చోట ఆనించిన వాడు మళ్ళీ ఆనించడు. తమరికి అమర్చిన 6 కిలోవాట్ల హీటర్లు సింగిల్ ఫేజులో దాదాపు 26 ఆంపియర్లు లాగుతాయి, వీధిలో మిగతా ఇళ్ళ ఫ్యాన్ల సంగతి తమరికెందుకు? త్రీ ఫేజు పెట్టించి హీటర్లను మూడు భాగాలుగా పంచితే గానీ ఆ ఎంసీబీ పడటం మానలేదు.

ఈ తిండిని కూడా సహించవచ్చు. సహించలేనిది తమరి అబద్ధం. స్విచ్చి వేసిన కాసేపటికే 200 అని ఎర్రగా చూపించి, పని అయిపోయినట్టే మాట్లాడతారు. ఆ 200 గాలిది. గోడకు తగిలించిన, వేడిని కొలిచే థర్మోకపుల్‌కు తెలిసింది గాలి ఒక్కటే, గ్రిల్ ఎక్కడుందో దానికి తెలియదు. పౌడర్ పెట్టె మీద 200 డిగ్రీలు, పది నిమిషాలు అని రాసి ఉంటే అది లోహానికి ఉండవలసిన వేడి. లోహం ఆ వేడికి చేరిన క్షణం నుంచే నిమిషాలు లెక్క. తమరి లెక్క ఎలా ఉందంటే, తిరుపతి స్టేషన్లో రైలు దిగిన వాడికి దర్శనం అయిపోయిందని పద్దు రాసినట్టుంది. కంపార్టుమెంట్లలో అతడు కూర్చునే గంటల మాటేమిటి స్వామీ?

పౌడర్ కరగడం వేరు, పండటం వేరు. నూరు డిగ్రీల ప్రాంతంలోనే అది కరిగి, పరుచుకుని, నిగనిగలాడి, చూసే వాడిని నమ్మిస్తుంది. దాని లోపలి అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి అల్లుకుని గట్టిపడటానికే ఆ వేడీ ఆ సమయమూ కావాలి. అవి అల్లుకోలేదని కంటికి తెలియదు, థిన్నరు తడిపిన గుడ్డతో రుద్దితే మెత్తబడి రంగు గుడ్డకు అంటినప్పుడు తెలుస్తుంది. లేదా చంద్రగిరి నుంచి వచ్చిన పెద్దాయన స్కూటరు తాళంచెవితో గీసినప్పుడు తెలుస్తుంది. ఆయన తెల్ల గ్రిల్‌ను అటూ ఇటూ తిప్పి, "ఏమప్పా, నేను ఒక్క రంగే కదా చెప్పింది, అంచులకు నెయ్యి రంగు కూడా వేసినావే, దానికి వేరే దుడ్లా?" అని అడిగారు. హీటరుకు ఎదురుగా ఉన్న సన్న కమ్మీలు మాడి పసుపెక్కాయి, నడుమ ఉన్న మందపాటి పట్టీ మాత్రం తాళంచెవి గీతకే రాలింది. ఒకే కడుపులో ఒకే సమయంలో మాడ్చడమూ పచ్చిగా ఉంచడమూ అందరికీ చేతనయ్యే విద్య కాదు, ఒప్పుకుంటున్నాను. హీటర్లకూ, లోపల పెట్టిన వస్తువు అనగా జాబ్‌కూ మధ్య రేకు అడ్డం కట్టి, వేడి సూటిగా తగలకుండా గాలి ద్వారానే చేరేటట్టు చేశాక ఆ విద్య కొంత తగ్గింది.

తమరి వంశ చరిత్ర కూడా ఒకసారి గుర్తు చేయాలి. 1950ల్లో జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ ఈ విద్యకు తెర తీసినప్పుడు, ముందుగా లోహాన్నే వేడి చేసి, గాలితో పొంగించిన పౌడర్ తొట్టిలో ముంచేవాడు. అంటే ఆరంభం నుంచీ పెద్దపీట లోహానిదే. నేటికీ పెద్ద ఫ్యాక్టరీలలో వేడిని నమోదు చేసే పరికరాన్ని జాబ్‌తో పాటే ఓవెన్ లోపలికి పంపి, లోహం ఏ నిమిషంలో ఎంత వేడిగా ఉందో గీత గీయించుకుంటారు. అంతటి ఓవెన్లకే ఆ తనిఖీ తప్పనప్పుడు, బీరువా తలుపుల తమరికి మినహాయింపు ఎలా ఇస్తాము?

ఇక హీటర్లకు కరెంటు వేసి తీసే ఎలక్ట్రానిక్ స్విచ్చి, తమరి ఆంతరంగికుడు ఎస్‌ఎస్‌ఆర్ గురించి. పాడైతే ఆగిపోవాలన్న కనీస మర్యాద దానికి లేదు, సాధారణంగా షార్టయి ఆన్‌లోనే ఉండిపోతుంది, తమరు ఎర్రగా కాగుతూనే ఉంటారు. అందుకే దానిపైన వేరే థర్మోస్టాట్‌నూ ఒక కాంటాక్టర్‌నూ నియమించాము, వేడి హద్దు దాటితే అవి తమరి అనుమతి అడగకుండానే కరెంటు కోస్తాయి. పౌడర్ చల్లే చోటును కూడా తమరికి దూరంగా జరిపాము, గాలిలో లేచిన పౌడర్ పొడికి తమరి ఎర్రని హీటర్ కనబడితే జరిగేది పేలుడు. పక్కింటి అక్క శెనక్కాయలు వేయించుకుంటానని బాణలి పట్టుకుని వచ్చింది. పౌడర్ ఉడికిన కడుపులో తిండి ఉడకకూడదని చెప్పి తిప్పి పంపాను, తమరి మీద ఆమెకు నాకంటే ఎక్కువ గౌరవం ఉన్నట్టు తోచింది.

కాబట్టి రేపటి నుంచి అమలయ్యే ఏర్పాటు ఇది. రెండో థర్మోకపుల్ తీగను జాబ్‌లో అన్నిటికంటే మందంగా ఉన్న చోట, లోహానికి తగిలేటట్టు క్లిప్పుతో బిగిస్తాము. దాని మీటరు తమరి ముఖం మీద కాదు, నా బల్ల మీద ఉంటుంది. అది 200 చూపించాకే గడియారం మొదలవుతుంది. తమరి ఎర్ర అంకెలు యథావిధిగా వెలగవచ్చు, వాటిని చూసి ఎవరూ తలుపు తీయరు. చంద్రగిరి గ్రిల్‌ను మళ్ళీ గీకించి సిద్ధం చేశాము, మొదటి వంతు దానిదే.

ఇట్లు,
తమరి కరెంటు బిల్లు కట్టువాడు