అంజిరెడ్డి గారి కథలోంచి ఐడీపీఎల్‌ని ఎందుకు తీసేస్తున్నారు?

ఇప్పుడే మా అబ్బాయి కాలేజీ ఫంక్షన్ నుంచి వచ్చాను. ఒళ్ళు మండిపోతోంది. ఎవరో మోటివేషనల్ స్పీకర్‌ని పిలిచారు. డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ పెట్టిన అంజిరెడ్డి గారి గురించి అరగంట మాట్లాడాడు. తాడేపల్లి పసుపు రైతు కొడుకు, ఒంటిచేత్తో అంత కంపెనీ కట్టాడు, కాబట్టి గవర్నమెంటు వైపు చూసేవాడు జీవితంలో ఎదగడు అని తేల్చేశాడు. హాలంతా చప్పట్లు.

ఒంటిచేత్తోనా? ఆయన చదివింది బొంబాయి యూనివర్సిటీ వారి కెమికల్ టెక్నాలజీ విభాగం యూడీసీటీలో. పీహెచ్‌డీ చేసింది పుణె నేషనల్ కెమికల్ లాబొరేటరీలో. రెండూ జనం డబ్బుతో నడిచినవే. 1969లో ఉద్యోగంలో చేరింది హైదరాబాద్ ఐడీపీఎల్‌లో. ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్, సోవియట్ సాయంతో కేంద్రం పెట్టిన మందుల ఫ్యాక్టరీ అది. బల్క్ డ్రగ్ పని, అంటే మాత్రల్లో వేసే అసలు మందు తయారీ, దగ్గరుండి చూసింది అక్కడే. 1975లో బయటికొచ్చి యూనిలాయిడ్స్, తర్వాత స్టాండర్డ్ ఆర్గానిక్స్ అనే కంపెనీలు, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు.

ఇంకోటి, 1970 పేటెంట్ చట్టం. మందుకి పేటెంట్ ఇవ్వం, తయారుచేసే పద్ధతికే ఇస్తాం అంది ఆ చట్టం. వేరే దారిలో అదే మందు చేయగల కెమిస్టుకి అడ్డు లేకుండా పోయింది. మన ఇళ్ళలో కడుపు మంటకి వేసుకునే ఓమెజ్ అలా వచ్చిందే. ఆ చట్టం లేకపోతే అంత తెలివీ ఏం చేసుకునేవారు?

ఆయన్ని తక్కువ చేయడం లేదు. సొంతంగా కొత్త మందు కనిపెట్టాలని 1993లోనే పరిశోధన సంస్థ పెట్టిన మనిషి. 1997లో తాము కనిపెట్టిన షుగర్ మందు బాలాగ్లిటాజోన్‌ని డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కి లైసెన్సు ఇచ్చారు. అప్పటిదాకా ఏ ఇండియన్ కంపెనీ చేయని పని. అది మార్కెట్ దాకా రాలేదు. 2013లో ఆయన పోయేనాటికి ఆ కల తీరనే లేదు. స్పీకర్ గారికి ఇది అవసరం లేదు, ఓడిన సంగతి చెబితే చప్పట్లు పడవు కదా. అంజిరెడ్డి గారు పెట్టిన సేవా సంస్థ నాంది ఫౌండేషన్ ఊసూ ఎత్తలేదు. అది మధ్యాహ్నం అన్నం పెట్టింది ఎవరికి? గవర్నమెంటు బడి పిల్లలకి. అంజిరెడ్డి గారు గవర్నమెంటు వైపు చూడని మనిషైతే ఆ పిల్లలు ఆయనకి ఎలా కనిపించారు?

అసలు నా బాధ ఐడీపీఎల్ గురించి. హైదరాబాద్ చుట్టూ ఇన్ని మందుల కంపెనీలు ఊరికే మొలిచాయా? అక్కడ పని నేర్చినవాళ్ళు బయటికొచ్చి ఒక్కొక్కటిగా పెట్టారు. మరి ఆ ఫ్యాక్టరీని ఏం చేశారు? 1992లో ఖాయిలా పడిందన్నారు. ఏళ్ళ తరబడి అలా వదిలేసి, 2016లో మూసేద్దాం అన్నారు. ఈ రోజు పిల్లలకి ఐడీపీఎల్ అంటే బస్టాపు పేరు. పెద్దవాళ్ళకి గుర్తొచ్చేది దాని భూముల రేటు. ఇంతమందికి పని నేర్పిన చోటుని ఎండగట్టి చంపింది పాలకులే. ఏ పార్టీ వచ్చినా కాపాడలేదు.

ఇక నుంచి ఎవరైనా మైకు పట్టుకుని అంజిరెడ్డి గారి కథ చెబితే, 1969 నుంచి 1975 దాకా ఆయన ఎక్కడ ఉన్నారో కూడా చెప్పాలి. అది చెప్పడం ఇష్టం లేనివాళ్ళు ఆయన పేరు ఎత్తొద్దు.