జోడు మార్చినా తిరిగిరాని చూపు

ఇంట్లో పెద్దవాళ్లకు చూపు మందగించిందంటే మనకు తోచేవి రెండే: కళ్లజోడు మార్చడం, లేదా శుక్లం ఆపరేషన్. ప్రభుత్వ పథకాలూ అదే దారిలో నడిచాయి. 2018లో తెలంగాణలో మొదలైన కంటి వెలుగు ఊరూరా శిబిరాలు పెట్టి లక్షలమందికి అద్దాలిచ్చింది. మంచి పనే. కానీ వయసుతో వచ్చే మాక్యులా క్షీణత అద్దాలకూ, ఆ ఆపరేషన్‌కూ లొంగదు.

కంటి వెనుక వెలుగును పట్టే పొర రెటీనా. దాని నడిమధ్యన ఉండే చిన్న భాగం మాక్యులా. అక్షరం చదవాలన్నా, బియ్యంలో రాళ్లు ఏరాలన్నా, ఎదుటి ముఖం పోల్చుకోవాలన్నా అదే దిక్కు. అది దెబ్బతింటే మధ్య చూపు చెరిగిపోతుంది, పక్క చూపు మిగులుతుంది. ఇంట్లో అపార్థాలు మొదలయ్యేది ఇక్కడే. గడప తట్టుకోకుండా నడిచే నాయనమ్మ ఎదురుగా నిల్చున్న మనవణ్ణి పట్టుకుని 'ఎవరు నాయనా' అంటే నటిస్తోందనుకుంటారు. కొందరికి లేని మనుషులు, పూల తీగలు, గళ్ల డిజైన్లు కూడా కనిపిస్తాయి. 18వ శతాబ్దంలో స్విట్జర్లాండ్‌కు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త చార్లెస్ బోనే తన తాతగారి విషయంలో దీన్ని గమనించి రాశాడు. చూపు తగ్గినప్పుడు మెదడు సొంతంగా బొమ్మలు కల్పించుకోవడమే తప్ప ఇది పిచ్చి కాదు, గాలి సోకడమూ కాదు. మతి తప్పిందంటారన్న భయంతో చాలామంది ఈ సంగతి డాక్టరుకు కూడా చెప్పరు.

ఈ క్షీణత రెండు రకాలు: పొడి, తడి. పొడి రకం ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదురుతుంది. తడి రకంలో రెటీనా కింద పిచ్చి రక్తనాళాలు మొలిచి కారుతాయి. వారాల్లోనే చూపు పడిపోవచ్చు. తలుపు అంచు, కరెంటు స్తంభం వంకరగా కనిపించడం దీని తొలి గుర్తు. రెండు కళ్లూ తెరిచి చూస్తే బాగున్న కన్ను లోపాన్ని కప్పేస్తుంది కాబట్టి, ఒక్కో కన్ను మూసి చూసుకోవాలి.

తడి రకానికి కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లున్నాయి. పెద్దపేగు క్యాన్సర్ కోసం తయారైన బెవాసిజుమాబ్‌ను చిన్న మోతాదుల్లో వాడితే ఖరీదైన కంటి మందు రానిబిజుమాబ్‌కు దాదాపు సమానంగా పనిచేస్తుందని 2011లో అమెరికా పరిశోధన ఒకటి తేల్చింది. ఖర్చు ఆ మేరకు దిగింది. అసలు చిక్కు తర్వాతే. మొదట నెలకొకటి చొప్పున వేసి, ఆపై కంటి తీరునుబట్టి ఏళ్ల పాటు కొనసాగించాలి. ప్రతిసారీ ఎవరో ఒకరు కూలీ మానుకుని వెంట రావాలి. పైగా ఈ మందు ముఖ్యంగా చేసేది, ఉన్న చూపును నిలబెట్టడం. ఈ మాట ముందే విడమరిచి చెప్పకపోతే, రెండు సూదులు వేయించుకుని 'చూపు రాలేదు కదా' అని మానేస్తారు. పథకాలు ఎందరిని పరీక్షించామన్నది లెక్కపెడుతున్నాయి. ఎందరు మళ్లీ వచ్చారన్నదే నా దృష్టిలో అసలు లెక్క.

విటమిన్ మాత్రలు అందరికీ కావు. వ్యాధి మధ్య దశలో ఉన్నవారిలోనూ, ఒక కంట్లో ముదిరినవారిలోనూ మాత్రమే జింక్, ల్యూటీన్ వంటివున్న ఒక ప్రత్యేక మిశ్రమం ముదిరే ముప్పును కొంత తగ్గిస్తుంది. పొగ మానడం మాత్రం అందరికీ వర్తిస్తుంది, చుట్ట కాల్చే అమ్మమ్మలతో సహా.

ఇక చేసేదేమీ లేదన్నాక కూడా చేయాల్సింది చాలా ఉంది. భూతద్దాలు, మంచి దీపం, ఫోన్‌లో పెద్ద అక్షరాలు, తల కాస్త పక్కకు తిప్పి పక్క చూపుతో చూసే సాధన. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఇందుకోసం ప్రత్యేక విభాగమే ఉంది. జిల్లా ఆసుపత్రుల్లోనూ ఇలాంటిది కావాలి. ఈలోగా, టీవీకి ఆనుకుని కూర్చోవద్దని వాళ్లను మందలించడం మానొచ్చు. దగ్గరగా కూర్చుంటే కళ్లేమీ పాడవవు, బొమ్మ పెద్దదై కనిపిస్తుంది.