చంకలో థర్మామీటర్ పెట్టి గుండె జబ్బు తేల్చలేం

వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఒక సందేశం సారాంశం ఇది: గుండెపోటుకు అసలు కారణం కొలెస్ట్రాల్ కాదు, థైరాయిడ్ మందగించడమే. రక్తపరీక్షలో అది బయటపడదు. పొద్దున్నే చంకలో థర్మామీటర్ పెట్టుకుని చూడండి, 97.8 డిగ్రీల కంటే తక్కువుంటే మీకు థైరాయిడ్ ఉన్నట్టే. థైరాయిడ్ మాత్ర, అయోడిన్ చుక్కలు మొదలుపెట్టి స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) మానేయండి.

(థైరాయిడ్ గ్రంథి అందరికీ ఉంటుంది. అది ఎక్కువ పనిచేస్తోందా, తక్కువా అన్నదే ప్రశ్న.)

“కొలెస్ట్రాల్ కాదు, థైరాయిడ్” అని రెంటినీ విడదీయడంలోనే మొదటి తప్పు ఉంది. థైరాయిడ్ హార్మోను తగ్గితే, రక్తంలోని ఎల్‌డీఎల్‌ను (చెడు కొలెస్ట్రాల్‌ను) పట్టి లోపలికి లాగే గ్రాహకాలు కాలేయంలో తగ్గుతాయి. ఎల్‌డీఎల్ రక్తంలోనే పేరుకుంటుంది. రక్తనాళాలు బిగిసి కింది బీపీ కూడా పెరుగుతుంది. అంటే థైరాయిడ్ లోపం గుండె ధమనుల జోలికి వచ్చేది చాలావరకు కొలెస్ట్రాల్, బీపీల దారినే. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం తొలి గుండెపోటు ముప్పులో సుమారు 90 శాతాన్ని తొమ్మిది అంశాలతో లెక్క తేల్చింది. పొగతాగడం, షుగర్, బీపీ, రక్తంలో కొవ్వులు, పొట్ట వాటిలో ఉన్నాయి. థైరాయిడ్ వాటిలో ఒకటి రెండింటిని పెంచగలదు గానీ, అన్నిటి స్థానాన్నీ ఆక్రమించలేదు.

ముప్పు ఎంత? 55,287 మంది సమాచారాన్ని కలిపి చూసిన 2010 నాటి విశ్లేషణలో, టీ4 (థైరాయిడ్ హార్మోను) మామూలుగా ఉండి టీఎస్‌హెచ్ (గ్రంథిని పనిచేయమని పురమాయించే హార్మోను, గ్రంథి మందగిస్తే ఇది పెరుగుతుంది) 10 దాటినవారిలో గుండె ధమనుల జబ్బు సంఘటనలు దాదాపు 1.9 రెట్లు కనిపించాయి. 4.5 నుంచి 6.9 మధ్య ఉన్నవారిలో పెరుగుదలే లేదు. రిపోర్టులో 5.8 పక్కన నక్షత్రం గుర్తు చూసి కంగారుపడేవాళ్లకు ఈ తేడా తెలియాలి.

థర్మామీటర్ సలహా కొత్తదేం కాదు, అమెరికా వైద్యుడు బ్రోడా బార్న్స్ ప్రచారం చేసినదే. చంకలో వేడి గది చల్లదనాన్ని బట్టీ, నెలసరి రోజులను బట్టీ, ఎంతసేపు పెట్టామన్నదాన్ని బట్టీ మారుతుంది. గ్రంథి కాస్త మందగించగానే ముందుగా కదిలేది రక్తపరీక్షలో కనిపించే టీఎస్‌హెచ్. అది తప్పుదారి పట్టించే సందర్భాలు లేకపోలేదు. జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో టీఎస్‌హెచ్‌ను తప్పుగా తక్కువ చూపిస్తాయి, కాబట్టి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. గుండెపోటు వచ్చి ఐసీయూలో ఉన్నప్పుడు కూడా, గట్టి అనుమానం ఉంటే తప్ప, ఈ పరీక్ష చేయకూడదు; చేసినా, కోలుకున్నాక సుమారు ఆరు వారాలకు మళ్లీ చేసి చూడాలి.

అన్నిటికంటే ప్రమాదం సొంతంగా మాత్ర వేసుకోవడం. 1933లో బోస్టన్‌లో హెర్మన్ బ్లమ్‌గార్ట్ బృందం ఆంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి) తగ్గించడానికి ఆరోగ్యంగా ఉన్న థైరాయిడ్‌నే కోసి తీసేసింది! హార్మోను తగ్గితే గుండెకు పని తగ్గుతుంది, ఆక్సిజన్ అవసరం తగ్గుతుంది, నొప్పి అణుగుతుంది. దీన్ని తిరగేసి చూడండి. థైరాయిడ్ లోపం కింద దాగి ఉన్న గుండె ధమనుల పూడిక, మాత్ర ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో పడగానే నొప్పిగా, గుండెపోటుగా బయటపడవచ్చు. థైరాయిడ్ హార్మోను థైరాక్సిన్‌కు దగ్గరి చుట్టమైన డెక్స్‌ట్రోథైరాక్సిన్‌ను అమెరికాలో కరోనరీ డ్రగ్ ప్రాజెక్ట్ అప్పటికే గుండెపోటు వచ్చిన మగవారికి ఇచ్చి చూసింది. కొలెస్ట్రాల్ తగ్గింది, మరణాలు పెరిగాయి. 1970ల మొదట్లోనే ఆ మందును ఆపేశారు.

అందుకే లోపం నిజంగా ఉన్నా, గుండె జబ్బు ఉన్నవారికి డాక్టర్లు లీవోథైరాక్సిన్‌ను (థైరాయిడ్ హార్మోను మాత్రను) 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెడతారు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి టీఎస్‌హెచ్ చూసి, అంతే మోతాదు చొప్పున పెంచుతారు. ఆరోగ్యంగా ఉన్న యువకులకు కిలో బరువుకు 1.6 మైక్రోగ్రాముల లెక్కన మొదటిరోజే ఇచ్చే పూర్తి మోతాదు వీరికి పనికిరాదు. ఒంట్లో చేరిన మందు సగం తగ్గడానికే వారం పడుతుంది, దాని స్థాయి నిలకడకు రావడానికి వారాలు కావాలి కాబట్టి, పది రోజుల్లో “ఏం తేడా లేదు” అని రెట్టింపు చేసుకోకూడదు. పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీ టీలకు కనీసం అరగంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. మోతాదు ఎక్కువై టీఎస్‌హెచ్ 0.1 కంటే కిందికి పడితే, 60 ఏళ్లు దాటినవారిలో గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ముప్పు సుమారు మూడు రెట్లవుతుంది. దడ, కొత్తగా ఛాతీ నొప్పి కనిపిస్తే వచ్చే నెల అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు.

అయోడిన్ సంగతి క్లుప్తంగా. పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. 5 శాతం లూగోల్ ద్రావణం (అయోడిన్ చుక్కల మందు) ఒక్క చుక్కలోనే సుమారు 6 మిల్లీగ్రాములు, అంటే 40 రోజుల అవసరం ఉంటుంది. గ్రంథిలో గడ్డలున్నవారిలో అది హార్మోనును ఎగదోస్తుంది, హషిమోటో (ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌ను దెబ్బతీసే జబ్బు) ఉన్నవారిలో గ్రంథిని ఇంకా మందగింపజేస్తుంది.

ఇక స్టాటిన్. వైద్యం అందని థైరాయిడ్ లోపంలో స్టాటిన్‌తో కండరాల నొప్పులు ఎక్కువన్నది నిజమే. కానీ దానికి మందు పారేయడం జవాబు కాదు. కొలెస్ట్రాల్ ఎక్కువని తేలినప్పుడే టీఎస్‌హెచ్ చూడాలి. నొప్పులు వస్తే డాక్టరుతో చెప్పి సీకే పరీక్ష (కండరాలు దెబ్బతింటున్నాయేమో చూపే రక్తపరీక్ష) చేయించాలి. టీఎస్‌హెచ్ దారిలో పడ్డాక కొలెస్ట్రాల్ మళ్లీ చూస్తే, గుండె జబ్బు లేని కొందరికి స్టాటిన్ అవసరమే ఉండకపోవచ్చు. స్టెంట్ పడినవారికి, గుండెపోటు వచ్చినవారికి మాత్రం థైరాయిడ్ సరిపడినా స్టాటిన్ కొనసాగుతుంది.