బావ గారి తొమ్మిది బై పదహారు

మా బావ దగ్గర 1960లనాటి పికప్ ట్రక్కు ఒకటుంది. దాన్ని పాత బండి అంటే ఊరుకోడు, వింటేజ్ అనాలి. ఆ వింటేజ్ ముందు బ్రేకు ఈమధ్య కీచుమంటోందని, ఎడమవైపు చక్రం విప్పి చూద్దామన్నాడు. నేను జాకీ ఎత్తడానికి, అక్క టార్చి పట్టుకోవడానికి.

నట్టు రాలేదు. లోకంలో నట్టనేది ఏ దిక్కుకు తిప్పితే వదులవుతుందో ఆ దిక్కుకే తిప్పాడు పాపం. నూనె కొట్టాడు. స్పానర్‌కి ఇనుప పైపు తగిలించాడు. చివరికి గోడ పట్టుకుని పైపు మీదెక్కి రెండుసార్లు ఎగిరాడు. టప్పుమంది. స్టడ్డు, అంటే నట్టు ఎక్కే మర బోల్టు, విరిగి నట్టుతో సహా నా చెప్పు పక్కన పడింది.

ఇంకొకడైతే తల పట్టుకునేవాడు. బావ మొహం మాత్రం వెలిగిపోయింది. "చూశావట్రా, ఎంత సన్నం పెట్టాడో! దీనికి పెద్ద స్టడ్డులు వెయ్యాల్సిందే."

అక్క వంగి మిగతా స్టడ్డుల కొసల మీద టార్చి వేసింది. గ్రీజు తుడిస్తే కొస మీద చిన్న అక్షరం కనిపించింది. "ఏవండీ, ఇక్కడ ఎల్ అని కొట్టుంది, ఏంటది?"

"ఎల్ అంటే లోడు. బరువు మోసేదని గుర్తు," అన్నాడు బావ. తెలియదనే మాట ఆయన నోట ఎప్పుడూ విన్లేదు.

లెక్కలో మాత్రం బావను తప్పుపట్టలేం. ఉన్నది అర అంగుళం స్టడ్డు, అంటే 12.7 మిల్లీమీటర్లు. వెయ్యదలచింది 9/16 అంగుళం, 14.3 మిల్లీమీటర్లు. తేడా ఒకటిన్నర మిల్లీమీటరే అయినా కోత వైశాల్యం పావు వంతుకు పైగా పెరుగుతుంది, బలమూ ఆ మేరకు పెరుగుతుంది. ఇదంతా అట్టపెట్టె మీద బొమ్మ గీసి మరీ చూపించాడు.

బొమ్మలో లేనిది ఒక్కటే, ఆ ఒకటిన్నర మిల్లీమీటర్లు ఎక్కడ పట్టాలన్నది. స్టడ్డు మెడ దగ్గర సన్నటి పళ్లుంటాయి. అవి హబ్బు, అంటే చక్రం బిగించే ఇరుసు చివరి దిమ్మ, దాని రంధ్రంలో బిగుతుగా కరుచుకోవాలి. లావు స్టడ్డు కావాలంటే హబ్బుకు రంధ్రం పెద్దది చెయ్యాలి. చేత్తో డ్రిల్లు పట్టుకుని ఎక్కడపడితే అక్కడ పొడిస్తే అయిదు రంధ్రాలూ ఒకే వలయం మీద ఉండవు, చక్రం జబ్బుపడ్డట్టు ఊగుతుంది. అందుకని హబ్బు ఊడదీసి మిషను మీద పెట్టించాలి. ఆ బండికి ముందు చక్రాల బ్రేకు డ్రమ్ములను హబ్బుకు పట్టి ఉంచేది పాత స్టడ్డులే. వాటి మెడను నొక్కి వెడల్పు చేసి ఉంటారు కాబట్టి, ముందు ఆ భాగం కోసెయ్యకుండా సుత్తితో కొడితే రంధ్రమే పాడైపోతుంది. సరే, స్టడ్డు లావైతే నట్టు లావు కావాలి. ఆ నట్టు పాత రిమ్ము గుంటలో కూర్చోదు గనక రిమ్ములు మార్చాలి. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని పెంచి, పిల్లికి పాల కోసం ఆవును తెచ్చి, ఆవును చూసుకోవడానికి పెళ్లాడిన సన్యాసి కూడా మా బావ కంటే చవగ్గా బయటపడ్డాడు.

నాలుగు హబ్బులూ లేతు షాపుకు చేరాక అక్కడి పెద్దాయన విరిగిన స్టడ్డు చేతిలోకి తీసుకుని, కళ్లజోడు పైకి తోసి, కొస వంక చూశాడు.

"ఇది ఎలా విరిగిందండీ?"

బావ ఎగిరిన వైనం నేనే చెప్పాను.

"ఎల్ అంటే లెఫ్టండీ. ఎడమ మర. అప్పట్లో కొన్ని కంపెనీలు ఎడమవైపు చక్రాలకు ఇలాగే పెట్టేవి, నడుస్తుంటే నట్లు వదులవకుండా. దీన్ని అటు తిప్పాలి, మీరు ఇటు తిప్పారు. విప్పుతున్నాననుకుంటూ బిగించారు. అలా ఎగిరితే ఏ స్టడ్డయినా విరుగుతుంది."

అక్క ఏమీ అనలేదు. బావ వంక మాత్రం చూసింది, అంతే. బావ గొంతు సవరించుకుని, "అయినా పెద్దవే మంచివి కదండీ?" అన్నాడు.

"మంచివేనండీ," అన్నాడు పెద్దాయన, మిషను ఆన్ చేస్తూ. వచ్చిన పనిని ఎవరు కాదంటారు?

పని మాత్రం లక్షణంగా అయింది. కొత్త స్టడ్డులన్నీ మామూలు మరే. నట్లు వరసగా కాకుండా ఒకటి వదిలి ఒకటి, నక్షత్రం గీసినట్టు బిగించారు. కొంతదూరం తిరిగాక మళ్లీ ఓసారి బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో చూసుకోమన్నారు, బావ చూసుకున్నాడు కూడా. నెల తిరక్కుండా బండి ఎక్కినవాళ్లందరికీ దిగేముందు చక్రాల దర్శనం తప్పనిసరైంది.

తర్వాత ఓ సాయంత్రం, ఇళ్లూ వాకిళ్లూ లేని చోట, వెనక టైరు పంచరైంది. బావ ఏమాత్రం టెన్షన్ పడలేదు. హుషారుగా దిగి, సీటు వెనక నుంచి వీల్ స్పానర్ తీశాడు. అది పాత స్పానర్. కొత్త నట్టు తల మీద ఆన్చితే పైనే కూర్చుంది గానీ లోపలికి దిగలేదు. అటుగా వచ్చిన లారీ డ్రైవర్ దగ్గర పెద్ద స్పానర్ దొరకబట్టి ఎలాగో చక్రం విప్పాం. స్టెప్నీ దొర్లించుకొచ్చి స్టడ్డులకు ఎదురుగా ఎత్తి పట్టుకున్నాను. పట్టలేదు. అది పాత రిమ్ము. బండికి రిమ్ములు నాలుగే మార్పించాడు మహానుభావుడు.

లారీ డ్రైవర్ ఓసారి స్టెప్నీ వంక, ఓసారి బావ వంక చూసి స్పానర్ తీసుకుని వెళ్లిపోయాడు. అక్క క్యాబిన్లో కూర్చుని అద్దం పైకెత్తేసుకుంది. స్టెప్నీ బరువుకు నా చేతులు పడిపోతున్నాయి. బావ రోడ్డు పక్కకు వెళ్లి లేతు షాపు పెద్దాయనకు ఫోను కలిపాడు. రిమ్ము పంపమంటాడనుకున్నాను.

"ఏవండీ, ఈ 9/16 తర్వాత 5/8 సైజు కూడా వస్తుందటగా?"

స్టెప్నీ వదిలేశాను.